పెళ్లి మండపానికి ఇంటీరియర్ లెక్కలు: 60×100 హాలు, ఉత్తరం చూసే స్టేజీ

గది_గీతలు (1)
అందరికీ నమస్కారం. ఇళ్లకు ఇంటీరియర్స్ చేసేవాళ్ల చేతికి పెళ్లి మండపం పని వస్తే ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలన్నది నా ప్రశ్న. హాలు వెడల్పు 60 అడుగులు, పొడవు 100, సీలింగు ఎత్తు 16. స్టేజీ దక్షిణం గోడకు ఆనుకుని 40×20, ఎత్తు 3 అడుగులు. అంటే జనం దక్షిణం చూస్తూ కూర్చుంటారు. ముహూర్తం రాత్రి 9:42. హాలు అదే రోజు ఉదయం 7కి చేతికొస్తుంది. సాయంత్రం 6:30 నుంచి 8 దాకా రిసెప్షన్ కూడా అదే స్టేజీ మీద. పెళ్లివారు పంపిన ఫొటోలన్నింటిలోనూ తెల్ల పూల గోడ, వేలాడే అద్దాలు, షాండ్లియర్లు.

60-30-10 రంగుల లెక్క (ప్రధాన రంగు 60 శాతం, రెండోది 30, మెరుపు రంగు 10), చూపు నిలిచే చోటు, నిష్పత్తి, వెలుతురు పొరలు, నడక దారులు ఇళ్లకు రోజూ వాడేవే. మండపం దగ్గర ఇవి ఎంతవరకు పనికొస్తాయి, ఎక్కడ తప్పుదారి పట్టిస్తాయి?

పందిరి_రాట (2)
అన్నీ పనికొస్తాయండీ. ఒక్కటి మాత్రం తలకెక్కించుకోవాలి. మండపం అంటే గోడకు వేసే బొమ్మ కాదు, రెండు మూడు గంటలపాటు ఎనిమిది మంది కింద కూర్చుని పని చేసుకునే గది. వంటింటి ప్లాను గీసేటప్పుడు ముందు పొయ్యి, సింకు, ఫ్రిజ్ పెట్టుకుంటారు కదా. ఇక్కడ ముందు పీటలు, హోమగుండం, పురోహితుడి చోటు పెట్టుకోవాలి. స్తంభాలు, పూలు ఆ తర్వాతి మాట.

కన్యాదానం వేళకు లోపల వధూవరులు, అమ్మాయి తల్లిదండ్రులు, పురోహితుడు, ఆయన సహాయకుడు, పక్కన పళ్లేలు అందించే ఇద్దరు ఉంటారు. 12×12 కన్నా తగ్గితే మోకాళ్లు తగులుతాయి. మీకు 40 అడుగుల స్టేజీ ఉంది కాబట్టి ముందు వైపు వెడల్పు 14 అడుగులు, వెనక 12, లోతు 12 పెట్టండి. ముందు స్తంభాలు కాస్త విచ్చుకుంటే పక్క వరసల్లో వాళ్లకు కూడా లోపల కనిపిస్తుంది. హోమగుండం చుట్టూ మూడడుగులు ఖాళీ ఉండాలి, కొంగుముడితో ఇద్దరూ ప్రదక్షిణ చేసేది అక్కడే.

ఎత్తు సంగతి. 16లో స్టేజీ 3 పోతే 13 మిగులుతుంది. మండపం కప్పు అడుగు భాగం 10 అడుగుల దగ్గర, పైన అలంకారం కలుపుకుని 11న్నర దాటకుండా ఆపండి. హాల్లో స్ప్రింక్లర్లు ఉంటే వాటి కింద ఒకటిన్నర అడుగు ఖాళీ తప్పనిసరి.

తూర్పు_పీట (3)
స్టేజీ ఉత్తరం చూస్తోందన్నారు. కొలతలకన్నా ముందు తేల్చుకోవాల్సింది అదే.

మన పెళ్లిళ్లలో మామూలుగా వరుడు తూర్పు ముఖంగా, వధువు పడమర ముఖంగా ఎదురెదురుగా కూర్చుంటారు, మధ్యలో అడ్డుతెర. మీ హాల్లో జనం దక్షిణం చూస్తున్నారు కాబట్టి తూర్పు వాళ్లకు ఎడమ చేతి వైపు. అంటే వధువు ఎడమ వైపు, వరుడు కుడి వైపు, ఇద్దరూ పక్కగా కనిపిస్తారు. జీలకర్ర బెల్లం పెట్టే చేతులు, అడ్డుతెర దించే క్షణం హాలంతటికీ చక్కగా తెలుస్తాయి. ఈ హాలుకు అది కలిసొచ్చిన విషయం. స్టేజీ తూర్పు చూసే హాళ్లలో అదే సమయానికి జనానికి పెళ్లికూతురి వీపు కనపడుతుంది.

చిక్కు తర్వాత వస్తుంది. ఇద్దరూ పక్కపక్కన తూర్పు ముఖంగా కూర్చుంటే జనం వైపు ఉన్నవాళ్లు రెండోవాళ్లకు అడ్డం. దీనికి మూడు పనులు చేయండి. మొదటిది, పీటల్ని జనం వైపు కొంచెం ఏటవాలుగా వేయొచ్చా అని పురోహితుణ్ణి ముందే అడగండి. ఆనవాయితీ ఇంటింటికీ మారుతుంది, కాబట్టి ఆయన మాటే ఖాయం. రెండోది, హోమగుండం వాళ్ల ముందు, అంటే జనానికి ఎడమ వైపు వస్తుంది కాబట్టి మండపానికి ఆ పక్క పూర్తిగా తెరిచి ఉంచండి. తెర గుడ్డ, పూల జాలీ ఏదీ వద్దు. మూడోది, ఒక కెమెరా తూర్పు పక్కన పెట్టించి, దాని బొమ్మ హాల్లోని స్క్రీన్లకు ఇవ్వండి.

ఇంకో మాట, ఇది ఎక్కువ మంది మర్చిపోతారు. సన్నాయి మేళానికి పురోహితుడి చెయ్యి కనపడాలి. గట్టిమేళం ఆ సైగ మీదే మొదలవుతుంది. వాళ్లను స్పీకరు వెనకో స్తంభం చాటునో కూర్చోబెడితే మాంగల్యధారణ వేళకు ఎవరో ఒకరు స్టేజీ మీంచి అరవాల్సి వస్తుంది. స్టేజీ పక్కగా 8×6 చోటు, పురోహితుడికి సూటిగా చూపు తగిలేలా వదలండి.

వెలుగు_లెక్క (4)
తెల్ల పూల గోడ గురించి చెప్పాలి. ఇది చూడ్డానికి చిన్న విషయంలా ఉంటుంది కానీ మొత్తం ఆల్బం దీని మీదే నిలబడుతుంది.

మధుపర్కాలు తెలుపు. ఎర్రటి అంచు, అక్కడక్కడా పసుపు మరకలు. వాటి వెనక తెల్ల గులాబీలు, తెల్ల చామంతులు, క్రీమ్ రంగు గుడ్డ పెడితే భుజాల గీత మాయమవుతుంది. ఎడిటింగులో కాంట్రాస్టు పెంచితే ముఖాలు నల్లబడతాయి, తగ్గిస్తే బట్టలు గోడలో కలిసిపోతాయి. ఇంట్లో తెల్ల గోడ ముందు తెల్ల సోఫా వేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే. కాబట్టి వెనక ముదురు రంగు ఉండాలి. మామిడాకు పచ్చ, అరటాకు పచ్చ, కొబ్బరాకు అల్లిక, లేదంటే ముదురు మెరూన్ గుడ్డ. 60-30-10 లెక్కను ఇలా పంచండి: 60 ఆకు పచ్చ, 30 బంతి, 10 కనకాంబరం లేదా ఎరుపు. తెలుపు కావాలంటే మల్లె దండలు స్తంభాల మీద, కప్పు అంచున వేయండి. తలల వెనక మాత్రం వద్దు.

లైట్ల విషయం. ముఖాల మీద పడే వెలుతురంతా ఒకే రంగులో ఉండాలి, 3000–3200 కెల్విన్ (పసుపు ఛాయ). హాలు సీలింగులో 6500 కెల్విన్ నీలి ఛాయ తెల్ల లైట్లుంటే ముహూర్తం సమయంలో స్టేజీ పైన ఉన్నవి ఆపించండి. రెండు రకాలూ కలిస్తే ఒక చెంప పసుపు, ఇంకో చెంప నీలం. ఏ సెట్టింగుతోనూ అది సరికాదు. లైట్లు సీఆర్‌ఐ (అసలు రంగును ఎంత సరిగ్గా చూపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉన్నవి అడగండి, తక్కువైతే పసుపు, కుంకుమ, చర్మం మూడూ వెలిసిపోయినట్టు కనిపిస్తాయి.

గులాబీ, ఊదా రంగు పార్ లైట్లు (స్టేజీకి వాడే గుండ్రటి రంగు దీపాలు) ఆకుల మీద వేయొద్దు. ఆ రంగుల్లో పచ్చ వెలుతురు ఉండదు కాబట్టి ఆకు తిరిగి పంపడానికి ఏమీ మిగలదు, నల్లగా కనిపిస్తుంది. వేల రూపాయల పచ్చదనం బూడిదలా తేలుతుంది.

కోణం ముఖ్యం. కింద కూర్చున్నవాళ్ల ముఖం హాలు నేల నుంచి సుమారు అయిదున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. లైటు 13 అడుగుల ఎత్తున, ముఖానికి పది పదకొండు అడుగుల దూరంలో ఉంటే దాదాపు 35 డిగ్రీలు వస్తుంది. అలాంటివి రెండు, ఒకటి ఎడమ మూల నుంచి, ఒకటి కుడి మూల నుంచి. నెత్తి మీద నుంచి మాత్రమే వెలుతురు వేస్తే బాసికం నీడ కళ్ల మీద పడుతుంది. ముందు తోరణం స్టేజీ నుంచి ఏడున్నర అడుగుల కన్నా కిందికి వేలాడితే కూడా ముఖాల మీద చారలు చారలుగా నీడలే.

గది_గీతలు (5)
మధుపర్కాల మాట చెప్పినందుకు థాంక్సండీ. పెళ్లివాళ్లకు ఈ కారణం చెప్తే ఒప్పుకుంటారు. పచ్చ గోడకు పూలు ఎంత చెప్పాలి? బంతి దండలు దగ్గర దగ్గరగా వేస్తేనే నిండుగా ఉంటుందంటున్నారు డెకరేషన్ వాళ్లు.

మూర_పూలు (6)
నిండుదనం వేరు, కిక్కిరిసి ఉండటం వేరు. లెక్క చూడండి.

వెనక గోడ 12 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు అనుకుందాం. మూడంగుళాలకొకటి వేస్తే 49 దండలు, మొత్తం 392 అడుగులు. మూర అడుగున్నర చొప్పున 261 మూరలు. అదే వెనక ఆకుల అల్లిక ఉండి ఆరంగుళాలకొకటి వేస్తే 25 దండలు, 200 అడుగులు, 133 మూరలు. సగం పూలతో గోడ ఇంకా బాగుంటుంది. మధ్యలో కనిపించే పచ్చ వల్లే బంతి రంగు లేస్తుంది. పైన 10–15 శాతం అదనంగా చెప్పుకోండి, దింపేటప్పుడు తెగేవి, నలిగేవి ఉంటాయి. హైదరాబాద్ వాళ్లు గుడిమల్కాపూర్‌లో, గోదావరి జిల్లాల వాళ్లు కడియపులంకలో కిలోల్లో కొని కట్టించుకుంటారు కాబట్టి ముందు ఒక్క అడుగు దండ కట్టి తూకం వేసి దాన్నిబట్టి ఆర్డరివ్వండి. పువ్వు సైజు ప్రతి వారం మారుతుంది, పాత పెళ్లి లెక్క పనికిరాదు.

మరో విషయం, వివరంగా చేసే పనంతా స్టేజీ నుంచి రెండడుగులకు, అయిదడుగులకు మధ్య పెట్టండి. కింద కూర్చున్నవాళ్ల తలలు, భుజాల వెనక వీడియోలో పడేది ఆ పట్టీయే. పైన ఎనిమిదో అడుగు దగ్గర ఆర్కిడ్లు గుచ్చితే ఎవరికీ కనపడవు.

రాత్రి 9:42 ముహూర్తానికి పని వరస ఇలా: ఉదయం ఫ్రేము, ఆకులు. మధ్యాహ్నం తర్వాత బంతి, చామంతి. మల్లె మాత్రం సాయంత్రం 6 తర్వాతే. ఎండ పొద్దు నుంచి లైట్ల వేడిలో ఉంచిన మల్లె ముహూర్తానికి గోధుమ రంగుకు తిరుగుతుంది. అప్పటిదాకా తడి గుడ్డలో చుట్టి ఐస్‌బాక్సులో పెట్టండి. పూలకు ఐసు నేరుగా తగలకూడదు, తగిలిన చోట నల్లబడతాయి.

పూల ఫోమ్ (పూలు గుచ్చడానికి వాడే, నీళ్లు పీల్చే దిమ్మ) వాడితే దాన్ని నీళ్లలో చేత్తో ముంచొద్దు. నీటి మీద వదిలేస్తే అదే పీల్చుకుంటూ మునుగుతుంది. బలవంతంగా ముంచితే లోపల గాలి ఇరుక్కుని మధ్యలో పొడిగా ఉండిపోతుంది, ఆ భాగంలో గుచ్చిన పూలే ముందు వాడతాయి.

పందిరి_రాట (7)
ఫోమ్ మాట వచ్చింది కాబట్టి బరువు కూడా చెప్తాను. మామూలు ఇటుక సైజు 23×11×8 సెంటీమీటర్లు, తడిస్తే ఒక్కోటి దాదాపు రెండు కిలోలు. కమాను మీద 20 ఇటుకలంటే 40 కిలోలు, పూలు, ఫ్రేము వేరే. 14 అడుగుల పొడవున ఒంటి గొట్టం వేసి దాని మీద ఇంత బరువు పెడితే మధ్యలో వంగుతుంది. అక్కడ ట్రస్ (అడ్డకమ్మీలతో అల్లిన గట్టి దూలం) వేయండి, లేదా బరువంతా స్తంభాల దగ్గరికి జరిపి మధ్యలో దండలతో సరిపెట్టండి. చూపుకు కూడా అదే బాగుంటుంది, మూలల్లో బరువు, మధ్యలో తేలిక. స్తంభాల అడుగు ప్లేట్ల మీద ఇసుక బస్తాలు పెట్టి గుడ్డ చుట్టండి. సీలింగుకు తాళ్లు కట్టి లాగే పని అసలు చేయొద్దు, జిప్సం సీలింగు కొక్కేలు ఆ బరువు కోసం వేసినవి కావు.

చెమ్కీ_తెర (8)
రిసెప్షన్ కూడా అదే స్టేజీ మీద కదా. నా సలహా: 40 అడుగులను రెండు భాగాలు చేయండి. ఎడమ వైపు మండపం, కుడి వైపు ఎల్‌ఈడీ గోడ, సోఫా. రెండూ ముందే రెడీగా ఉంటాయి, మార్చే పనుండదు.

వెలుగు_లెక్క (9)
చెమ్కీ_తెర గారూ, ఇది ఒప్పుకోలేను. ఒకే గదిలో రెండు చూపు చోట్లు పెడితే రెండూ నష్టపోతాయి. రిసెప్షన్‌లో ప్రతి ఫొటోకూ పక్కన ఖాళీ మండపం కనిపిస్తుంది. ముహూర్తంలో పక్కనే వెలిగే ఎల్‌ఈడీ గోడ చూపును లాక్కుంటుంది. అది ఆపేస్తే నల్లటి గోడ. పైగా ఎల్‌ఈడీ గోడ ముందు తీసిన వీడియోలో గీతలు తేలే ప్రమాదం ఉంది, వెలుతురు బాగా తగ్గించి, మనుషుల్ని దాని నుంచి దూరంగా నిలబెడితే తప్ప.

చెమ్కీ_తెర (10)
వీడియో విషయం నిజమే. మరి మధ్యలోనే రెండూ చేస్తే 8 నుంచి ముహూర్తం దాకా సమయం సరిపోతుందా? వరుణ్ణి మండపానికి తెచ్చే వేళకు స్టేజీ సిద్ధంగా ఉండాలి.

పందిరి_రాట (11)
సరిపోతుంది, ముందే గీసుకుంటే. మండపం ఫ్రేము ఉదయమే మధ్యలో నిలబెట్టేయండి. రిసెప్షన్‌కు దాని ముందు స్తంభాల మధ్య ఏడడుగుల సోఫా, పక్కన రెండు కుండీలు. వెనక ఆకుల గోడ ముందు మెరూన్ గుడ్డ పట్టాల మీద జరిగేలా కట్టండి, కిటికీ కర్టెన్ లాగానే. 8 గంటలకు సోఫా దించడం, గుడ్డ జరపడం, కార్పెట్ ఊడ్చి పీటలు, హోమం సరంజామా పెట్టడం. ఆరుగురు మనుషులకు 40 నిమిషాలు. పురోహితుడి సామాను బల్లను తెర చాటున ముందే పెట్టించండి.

రిసెప్షన్‌లో నిలబడ్డవాళ్లకు చూపు ఎత్తు స్టేజీ నుంచి అయిదడుగుల దగ్గర, ముహూర్తంలో రెండున్నర దగ్గర. గుడ్డ మీది అలంకారం పైకి, ఆకుల గోడ మీది అలంకారం కిందికి ఎందుకుండాలో దీన్నిబట్టి తెలుస్తుంది.

గది_గీతలు (12)
కర్టెన్ పట్టా ఆలోచన చాలా బాగుంది. కుర్చీల మధ్య దారి ఎంత వదలాలి? హాలు వాళ్లు 600 కుర్చీలు పడతాయంటున్నారు.

తూర్పు_పీట (13)
పెళ్లికూతుర్ని మేనమామలు బుట్టలో తెచ్చే ఆనవాయితీ ఉంటే దారి వెడల్పును ఆ బుట్టే నిర్ణయిస్తుంది. బుట్ట మూడడుగులు, చెరో పక్క ఒక మనిషి, పక్కనే నడిచే పిల్లలు. ఏడడుగులు వదలండి. స్టేజీ మెట్లు కూడా అంతే ముఖ్యం: మూడడుగుల ఎత్తుకు ఆరంగుళాల మెట్లు ఆరు, ఒక్కో మెట్టు అడుగు లోతు, వెడల్పు కనీసం అయిదడుగులు. మోస్తున్నవాళ్లకు కాళ్ల కింద ఏముందో కనపడదు, కాబట్టి మెట్ల మీద పూల రేకులు, జారే గుడ్డ వద్దు.

పందిరి_రాట (14)
600 పడతాయి, దారులు మూసేస్తే. మధ్య దారి 7, చెరో పక్క 4 తీస్తే 45 అడుగులు మిగులుతుంది. కుర్చీకి 20 అంగుళాలు లెక్కేస్తే చెరో వైపు 13. పొడవులో స్టేజీ 20, దాని ముందు ఖాళీ 10, వెనక తలుపుల దగ్గర 12, మధ్యలో అడ్డదారి 5 పోతే 53 అడుగులు, మూడడుగులకొక వరస చొప్పున 17 వరసలు. మొత్తం 442. మిగతా జనం భోజనాల హాలుకు వెళ్లి వస్తూనే ఉంటారు. అరుంధతీ దర్శనానికి బయటికి వెళ్లే దారి కూడా ఈ ప్లానులోనే గుర్తుపెట్టండి.

స్టేజీ ముందంచున పూల వరస తొమ్మిదంగుళాలు దాటొద్దు. కుర్చీలో కూర్చున్నవాళ్ల కళ్లు నేల నుంచి మూడు అడుగుల పదంగుళాల దగ్గర ఉంటాయి, స్టేజీయే మూడడుగులు. అంతకు మించితే ముందు వరసల్లో పెద్దవాళ్లకు పూలు మాత్రమే కనపడతాయి. ఫొటో, వీడియో వాళ్లకు రెండు మూలల్లో 4×4 చోటు టేపుతో గుర్తు పెట్టి ఇవ్వండి.

మూర_పూలు (15)
నేల గురించి ఎవరూ అనలేదు. అద్దంలా మెరిసే వినైల్ ఫొటోల్లో బాగుంటుంది. తలంబ్రాల బియ్యం, ముత్యాలు, ఇప్పుడు కలుపుతున్న రంగు థర్మాకోల్ గుండ్లు దాని మీద పడితే కాలు నిలవదు, ఆ తర్వాతే సప్తపది. పొట్టి నూలు కార్పెట్ వేయండి, అంచులకు టేపు వేయండి.

అరటి చెట్లు పెడుతున్నారా? కోసిన చోట కారే పాలు పట్టుచీర మీద పడితే మరక పోదు. కోత చివర్లకు ప్లాస్టిక్ చుట్టి, తడి ఇసుక బకెట్‌లో నిలబెట్టి, నడిచే దారికి రెండడుగులు ఎడంగా ఉంచండి.

సముద్రం_అవతల (16)
అమెరికాలో చేసేవాళ్లకు ఒక ముక్క. హోటల్ హాల్లో హోమం అంటే మంట అనుమతి ముందే తీసుకోవాలి. చాలా ఊళ్లలో అగ్నిమాపక శాఖ అధికారి వచ్చి చూస్తారు. చిన్న స్టీలు గుండం, కింద ఇసుక ట్రే, పక్కన ఆర్పే సిలిండరు, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషి. పొగ డిటెక్టర్లను ఆ కాసేపు ఆపే పని హోటల్ ఇంజినీర్లదే. ఈ మాట ఒప్పందం కాగితం మీదే రాయించుకోండి, నోటి మాట ఆ రోజు డ్యూటీలో ఉన్నవాళ్లకు చేరదు.

వెలుగు_లెక్క (17)
ఇక్కడా అదే జాగ్రత్త కావాలి. స్టేజీ ప్లైవుడ్, దాని మీద కార్పెట్. గుండానికి కాళ్లున్నా అడుగు వేడెక్కుతుంది. నాలుగడుగుల చదరం జీఐ (జింకు పూత వేసిన ఇనుప) రేకు, దాని మీద ఒక వరస ఇటుకలు, ఇటుకల మీద గుండం. గుడ్డ, థర్మాకోల్, ప్లాస్టిక్ ఆకు ఏదైనా మంటకు పక్కలా నాలుగడుగులు, పైన ఎనిమిదడుగుల లోపు ఉండకూడదు. జార్జెట్, నెట్ గుడ్డలు అంటుకుంటే కరిగి బొట్లుబొట్లుగా కింద కూర్చున్నవాళ్ల మీద పడతాయి. అందుకే గుండం పైన కప్పు తెరిచి ఉంచడం మేలు.

కరెంటు: పార్ లైటుకు 150–200 వాట్లు, 24 లైట్లకు నాలుగైదు కిలోవాట్లు. సౌండు, లైట్లు ఒకే ఫేజు మీద వేస్తే స్పీకర్లలో గుంయ్ మని శబ్దం, మంత్రాలు వినపడవు. డిమ్మరు తగ్గించి ఫోన్ స్లో మోషన్‌లో ఒకసారి చూడండి, లైటు మినుకుమంటే అక్కడే తెలుస్తుంది. మన 50 హెర్ట్జ్ కరెంటుకు వీడియో షట్టరు 1/50 లేదా 1/100 ఉంచమనండి.

గది_గీతలు (18)
ప్లాను మార్చాను. మండపం 14/12×12 మధ్యలో, తూర్పు పక్క పూర్తిగా తెరిచి, గుండం పైన కప్పు ఖాళీ. ఆకుల అల్లిక మీద 25 బంతి దండలు, మల్లె స్తంభాలకు మాత్రమే. అద్దాలు, షాండ్లియర్లు హాలు ద్వారం దగ్గరికి పంపించాను. ఒక్కటే మిగిలింది. ఏసీ గాలి సరిగ్గా స్టేజీ తూర్పు చివర నుంచి పడమరకు వస్తోంది. పొగ వధూవరుల ముఖం మీదికే కదా?

తూర్పు_పీట (19)
అవును, సూటిగా వాళ్ల కళ్లలోకే. తూర్పు చివరి రెండు డిఫ్యూజర్లు (ఏసీ గాలి వచ్చే జాలీలు) హోమం మొదలయ్యే పావుగంట ముందు మూయించండి, పడమటివి మాత్రం నడవనివ్వండి. స్టేజీ తూర్పు గోడకు ఎగ్జాస్ట్ ఉంటే అది వేయించండి, పొగ వాళ్లకు దూరంగా లాగబడుతుంది. స్టాండు ఫ్యాను మాత్రం స్టేజీ మీద పెట్టొద్దు, మంట వాలుతుంది. తడి సమిధలు, సగం ఎండిన పిడకలు పొగకు అసలు కారణం. సామాను జాబితా ఇచ్చేటప్పుడే బాగా ఎండినవి కావాలని రాయండి. ముందు రోజు ఉదయం అగరొత్తి వెలిగించి స్టేజీ మీద గుండం పెట్టే చోట పట్టుకుంటే గాలి ఎటు పోతోందో కనిపిస్తుంది. హాలు ఆ రోజు వేరేవాళ్ల చేతిలో ఉంటే పెళ్లి రోజు ఉదయం 7కి మీరు లోపల చేసే మొదటి పని అదే కానివ్వండి, ఫ్రేము నిలబెట్టక ముందే.